బెల్టు లేని మిషన్

షెల్టర్ మేడమ్ వచ్చేలోగా కావలసిన పనులు:

కుట్టుగదిలో నేలమీద గుండుసూదులన్నీ ఏరాలి. ఒక్కటి కూడా కనబడకూడదు.

తాతగారి గుండె మాత్ర అన్నం ముద్దలో దాచి పెట్టాలి. ముద్ద తిని మాత్ర ఉమ్మేస్తే మళ్ళీ పెట్టాలి.

తాతగారి కళ్ళు తడిబట్టతో తుడవాలి. కరుస్తారన్న భయం లేదు, నోట్లో పళ్ళుంటే కదా.

స్కూలు యూనిఫాంలకు బొత్తాలు కుట్టి మూట కట్టి పక్కన పెట్టాలి.

అత్తయ్య చేత మేడమ్ ముందు ‘సరే’ అనిపించాలి.

పాత మిషన్ పెడల్ ఆపాలి.

ఈ ఆఖరి పని ఎలా చేయాలో మాత్రం కోడలికి తెలియదు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారు గుమ్మం దగ్గరే నిలబడిపోకుండా నాలుగు మాటలు. ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, రెండు కుట్టుమిషన్లు. కొత్త మిషన్ కోడలిది, ఆమె దర్జీ. పాతది అత్తగారి అక్కయ్యది. ఆవిడ పోయేనాటికి కోడలి భర్త పాలు తాగే పిల్లాడు. ఆవిడ పోయినరోజే అత్తగారు ఆ మిషన్ బెల్టు విప్పి, సూది తీసేసి, పైన దుప్పటి కప్పేశారు. కుట్టేమనిషి పోతే ఆ మిషన్ మళ్ళీ ఇంకొకరి కాలికింద ఆడకూడదన్నది ఈ ఇంటి కట్టుబాటు. ఆ పాలు తాగిన పిల్లాడు ఇప్పుడు బస్సు కండక్టరు. ఇంట్లో ఏం జరిగినా డ్యూటీ దిగాకే అతని చెవిన పడుతుంది.

కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి కోడలు షెల్టర్లో కుక్కలకు బొంతలు కుట్టింది. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఎవరొచ్చినా తల ఎత్తని ఒక ముసలి కుక్క, పిల్లికంటే కాస్త పెద్దది, లేచి వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. బహుశా ఆమె బట్టల్లోని మిషన్ నూనె వాసనకే వచ్చిందేమో. ఆ కుక్కనే అత్తగారు మొదటిరోజు ఎగాదిగా చూసి, “కుక్కపిల్లని తెస్తుందనుకుంటే తాతగారిని తెచ్చిందే నా కోడలు!” అన్నారు. వెటకారానికి అన్న మాట పేరైపోయింది. మర్యాద కూడా దానితోపాటే అలవాటైపోయింది.

తాతగారిని అంతకుముందు రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి తిరిగి అప్పగించేశారు. ఇద్దరూ చెప్పిన కారణం ఒక్కటే. ఎవరూ లేనిచోట చూస్తూ తోక ఊపుతున్నాడట. “మళ్ళీ బోనులో పెడితే ఈ గుండె ఆగిపోతుంది” అని పశువుల డాక్టరు చెప్పేశాడు. అయినా షెల్టర్ పద్ధతి షెల్టర్ పద్ధతే. వారంపాటు ఉంచుకుని చూసుకోవాలి. ఆదివారం మేడమ్ వచ్చి ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ నోరు తెరిచి అడుగుతుంది. ఒక్కరు వద్దన్నా కుక్కను తీసుకెళ్ళిపోతుంది. కండక్టరు ఫోనులోనే సరే అన్నాడు. మిగిలింది అత్తగారు.

వచ్చినరోజే తాతగారు తిన్నగా పాత మిషన్ దుప్పటి కిందికి దూరి, పెడల్ మీద గడ్డం ఆనించారు. పెడల్ కిర్రుమంది. తుప్పుపట్టి మూలిగే మిషన్‌ని చూస్తే దర్జీ చేతులు ఊరుకుంటాయా? అత్తగారు స్నానానికి వెళ్ళిన సమయం చూసి కోడలు దానికి నూనె వేసింది. ముట్టుకోవద్దన్న మిషన్‌ని ముట్టుకుంది. కిందటివారం మనం ఆగినచోట, ఆమె బొత్తాల పొట్లంతో బజారు నుంచి వచ్చేసరికి, దుప్పటి కింద ఆ పెడల్ దానంతటది ఆడుతోంది.

ఇవాళ ఆదివారం. ఎండ కిటికీలోంచి కత్తిరింపు బల్ల దాకా వచ్చింది. పెడల్ మళ్ళీ ఆడుతోంది.

టక్. టకటక్. టక్. టకటక్.

కోడలు నేలమీద కూర్చుని అయస్కాంతంతో గుండుసూదులు ఏరుతోంది. తల తిప్పి చూడటం లేదు. చూస్తే నిజమైపోతుందేమోనని భయం. కానీ చెవులకు మూతలుండవు కదా. ఏ మిషన్ చప్పుడు విన్నా అక్కడ ఏం కుడుతున్నారో చెప్పేయగలదు ఆమె. ఈ వారమంతా ఆ పెడల్ కొంచెం ఆడి ఆగేది, మళ్ళీ కొంచెం ఆడి ఆగేది. అది ముక్కకు ముక్క కలిపే చప్పుడు. ఇవాళ అలా లేదు. ఆగకుండా ఒకే తీరున పోతోంది.

అంచు కుడుతున్నారు. అంచు దాకా వచ్చారంటే పని చివరికొచ్చినట్టే.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. “అమ్మాయ్! ఆదివారం కూడా ఏం కుట్టుడే అది? ఆ మిషన్ కాసేపు ఆపి నడుం వాల్చరాదూ?”

కోడలు ఇంకో సూది ఏరింది.

“నిన్నేనే! చెవిలో దూది పెట్టుకున్నావా?”

గిన్నె కింద పెట్టిన చప్పుడు, తరువాత చెప్పుల చప్పుడు. గుమ్మంలోకి వచ్చిన అత్తగారు నేలమీద అయస్కాంతం పట్టుకుని కూర్చున్న కోడలిని చూశారు. ఎవరూ కూర్చోని కొత్త మిషన్‌ని చూశారు. ఆ తరువాత గది మూలన దుప్పటి అంచు లయగా కదలడం చూశారు.

అరుస్తారనుకుంది కోడలు. ఆవిడ అరవలేదు. గుమ్మం పట్టుకుని, తల కాస్త వంచి విన్నారు. పక్కగదిలో మాట్లాడుతున్నది ఫలానా మనిషేనా అని పోల్చుకునేటప్పుడు వింటామే, అలాగ.

“అది నీ కాలు కాదు” అన్నారు మెల్లగా.

“తాతగారు తల ఆనించుకుని పడుకున్నారు అత్తయ్యా. ఆయన ఊపిరికి కదులుతోంది. నూనె వేశాను. తప్పే, నేనే వేశాను. అందుకే కొంచెం ముట్టుకున్నా...”

“ఊపిరికి ఇలా ఆడుతుందా? నీ ముందు నిలబడ్డది కుట్టు రానిదనుకుంటున్నావా?” అత్తగారు వచ్చి కత్తిరింపు బల్ల పట్టుకుని నిలబడ్డారు. “ఒకటి గట్టిగా, రెండు తేలిగ్గా. విన్నావా? మా అక్కకి చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. బలమంతా ఎడమకాల్లోనే. నన్ను ఉయ్యాల్లో వేసి ఆ మిషన్ పక్కన పెట్టి కుట్టేదట. జోలపాటలు పాడే తీరిక ఎవరికుంది మా ఇంట్లో? ఈ చప్పుడుకే నిద్రపోయేదాన్ని. ఈ చప్పుడుకే లేచేదాన్ని. ఇన్నేళ్ళలో మరిచిపోయాననుకున్నాను.”

కోడలు లేచి దుప్పటి పైకెత్తింది. తాతగారు కళ్ళు మూసుకుని, పెడల్ మీద గడ్డం పెట్టి పడుకుని ఉన్నారు. పెడల్ పైకి లేచినప్పుడు తల లేస్తోంది, దిగినప్పుడు దిగుతోంది. పడవలో కునుకు తీస్తున్నవాడి మొహంలా ఉంది ఆ మొహం. కింద పెద్ద చక్రం తిరుగుతోంది. దానికి బెల్టు లేదు. పైన సూది ఉండవలసిన చోట చిన్న కన్నం.

ఆమె రెండు చేతులూ చాపి తాతగారిని ఎత్తుకుంది. బట్టల మూటంత బరువు కూడా లేరు.

పెడల్ ఆగలేదు.

టక్. టకటక్. టక్. టకటక్. చివరికి, గుడ్డ సర్దుకోవడానికి ఎవరైనా నెమ్మది చేసినట్టు, తగ్గి, ఆగింది. గది మరీ నిశ్శబ్దమైపోయింది. కోడలి చేతుల్లోంచి తాతగారు తల తిప్పి, మిషన్ ముందున్న ఖాళీ స్టూలు వైపు చూశారు. గడ్డం పైకెత్తారు. తోక ఒక్కసారి ఊగింది. ఆయన ఎడమచెవి నెమ్మదిగా వెనక్కి మడతపడింది. ఎవరి అరచెయ్యో దానిమీద నిమురుతూ పోయినట్టు. మళ్ళీ లేచి నిలబడింది.

“పంపించెయ్” అన్నారు అత్తగారు.

“అత్తయ్యా...”

“ఇప్పుడే ఫోన్ చెయ్. ఆవిడ వచ్చేదాకా ఎందుకు? వచ్చి తీసుకుపొమ్మను.” ఆవిడ బల్ల అంచు వదల్లేదు. “నీకు చెప్పలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో అక్క నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? ‘భయపడకే చిన్నదానా, నువ్వొచ్చేసరికి నీ పక్క నేనే సిద్ధం చేసి ఉంచుతాను’ అంది. ఆ మాటని ఇన్నేళ్ళూ ప్రేమనుకున్నాను. ఇప్పుడు చూడు. అంచు కుడుతోంది. అంచు అయిపోతే పక్కదుప్పటి అయిపోయినట్టే. నాకేనే అది. ఈ కుక్క దారి చూపించి తీసుకొచ్చింది దాన్ని.”

చేతుల్లో చిన్న గుండె గబగబా కొట్టుకుంటోంది. ఆ గుండె మళ్ళీ బోనులోకి వెళ్తే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి భయం కూడా అబద్ధం కాదు. ఇద్దరూ ముసలివాళ్ళే. ఇద్దరూ తన ఇంట్లో ఉన్నవాళ్ళే. ఒకరిని వదులుకుని ఇంకొకరిని ఎలా నిలబెట్టుకోవాలి?

అప్పుడు ఆమెకు తన పని గుర్తొచ్చింది.

“దుప్పటి అంటున్నారు. కొలత చూశారా?” అంది.

“ఏం కొలత?”

“ఏదైనా కుడితే దానికి కొలత ఉంటుంది కదా అత్తయ్యా. మీరే నేర్పారు నాకు, కొలత తెలియకుండా కత్తెర పట్టొద్దని. భయపడేముందు కొలత చూద్దాం.”

“దయ్యానికి టేపు పెడతావుటే!”

“టేపు అక్కర్లేదు. ఆ కాలు ఎంతసేపు ఆడితే అంచు అంత పొడవు. చూడండి.”

తాతగారిని కింద దింపింది. ఆయన తిన్నగా వెళ్ళి పెడల్ మీద గడ్డం ఆనించారు. కోడలు తన మిషన్ ముందు కూర్చుని, పాత పరదా గుడ్డ ఒకటి సూది కింద పెట్టి, పాదం పెడల్ మీద ఉంచి ఎదురుచూసింది.

మూలనున్న పెడల్ మళ్ళీ మొదలైంది.

ఆమె కూడా మొదలుపెట్టింది. ఆ కాలు ఎంత వేగంగా పోతే అంత వేగంగా. ఒకటి గట్టిగా, రెండు తేలిగ్గా. మొదట తడబడింది. కాసేపటికి ఆ నడక కాలికి పట్టుబడింది. రెండు మిషన్లు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషుల్లా కలిసి కుడుతున్నాయి. ఒకదానికి సూది ఉంది, ఇంకోదానికి లేదు. వెనకనుంచి ఎవరో తన పని గమనిస్తున్నట్టు ఆమె మెడమీద చల్లగా తగిలింది. వెనక కిటికీ లేదు.

ఆ పెడల్ ఆగింది. ఆమె ఆగింది. మూల. గుడ్డ తిప్పింది.

ఇప్పుడు పొట్టి అంచు. ఆగింది. మూల. గుడ్డ తిప్పింది. మళ్ళీ పొడుగు అంచు. మళ్ళీ ఆగింది.

ఈసారి ఆ పెడల్ మళ్ళీ కదలలేదు. ఇంకొక పొట్టి అంచు మిగిలి ఉంది, కానీ కదలలేదు. బాబిన్‌లో దారం అయిపోతే మార్చుకునేంత సేపు ఆగినట్టుంది.

కోడలు దారం తెంపి, గుడ్డ తీసి నేలమీద పరిచింది. మూడు వైపులా కుట్టు, నాలుగో వైపు ఖాళీ.

“రండి, పడుకోండి” అంది.

“ఏమిటే?”

“మీ దుప్పటి అన్నారుగా. పడుకుని చూడండి.”

అత్తగారు వంగి చూశారు. ఎటు తిప్పి పెట్టినా ఆ కుట్టు గీతల మధ్య గుడ్డ ఆవిడ మోకాళ్ళకు కూడా చాలదు. నడుం చుట్టూ ఒక్క చుట్టు రాదు.

“నేనేమైనా ఇంతున్నానా!” అన్నారు అత్తగారు. ఆ మాటలో కోపమే ఉందో, ఊరటే ఉందో ఆవిడకే తెలియదు.

అప్పటికే తాతగారు లేచి వచ్చారు. గుడ్డ వాసన చూశారు. దానిమీద ఎక్కి గిరగిరా తిరిగి, ముక్కు తోకలో దూర్చి ముడుచుకు పడుకున్నారు. కుట్టు గీతకి అటు వెంట్రుక వాసి మిగల్లేదు, ఇటు మిగల్లేదు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

అత్తగారు స్టూలు మీద కూలబడ్డారు. ఏ స్టూలు మీద కూర్చున్నారో చూసుకుని గభాలున లేచారు. మళ్ళీ ఏమనుకున్నారో, అక్కడే కూర్చున్నారు.

“కుక్కకా” అన్నారు. “నా పక్క కాదు. కుక్క పక్క.” నవ్వు మొదలై మధ్యలో ఏడుపైంది. “మా అక్కా అంతే. వీధిలో ఏ జంతువు కనబడినా ముక్కలు కలిపి ఏదో ఒకటి కుట్టి కప్పేది. మా అమ్మ తిట్టేది, గిరాకీల గుడ్డలన్నీ కుక్కలకి పోతున్నాయని. అచ్చం నీ బుద్ధులే. నువ్వొచ్చి ఇన్నేళ్ళయినా నాకు తోచలేదు చూడు.”

“పెద్దత్తయ్య ఫొటో ఒక్కటీ లేదా అత్తయ్యా?”

“దాన్ని ఫొటో తీయించేవాళ్ళెవరు? కాలు కనబడుతుందని పెళ్ళిళ్ళలో కూడా దాన్ని వెనక నిలబెట్టేవాళ్ళు.”

అప్పుడే గంట మోగింది.

షెల్టర్ మేడమ్ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ముందుగదిలో కూర్చోకముందే నేలమీద సూదులున్నాయేమోనని కళ్ళతోనే వెతికేసింది. తాతగారిని ఒళ్ళోకి తీసుకుని చెవులు, పాదాలు, చిగుళ్ళు చూసింది. “మాత్ర మింగుతున్నాడా?” అని అడిగింది. “రెండోసారికి మింగుతారు” అంది కోడలు. మేడమ్ నవ్వింది. ఆ తరువాత నవ్వు ఆపి, అత్తగారి వైపు తిరిగింది.

“పెద్దమ్మగారూ, ఇది మీ ఇల్లు. మీ మనసులో మాట చెప్పండి. మొహమాటం వద్దు. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే తీసుకెళ్తాను, ఎవరూ ఏమీ అనుకోరు.”

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“మొదట వద్దనే అనుకున్నానమ్మా” అన్నారు. “ముసలాళ్ళకి చేసే ఓపిక ఎవరికుంది, నాకే ఒకరు చెయ్యాలి. కానీ తాతగారికి ఇంట్లో పక్క తయారవుతోంది. సొంతవాళ్ళే కుడుతున్నారు. ఇప్పుడు పొమ్మంటే బాగుండదు. ఉండనివ్వండి. సరే. సరే అన్నాను కదా, రాసుకోండి.”

కోడలి కళ్ళు నిండాయి. అమ్మయ్య అనుకుంది. ఆ నిమిషంలో ఆ గదిలో ముగ్గురూ సంతోషంగా ఉన్నారు, నలుగురూ అనాలి, తాతగారితో కలిపి.

మేడమ్ టీ తాగి లేవబోతూ, “ఆవిడ చూస్తే ఎంత సంతోషించేదో” అంది.

“ఎవరు?”

“ఈయన్ని మా దగ్గరికి తెచ్చిన పెద్దావిడ. పోయిన వానల్లో. జోరున కురుస్తోంది, గేటు వేసేద్దామని వెళ్ళాను. బయట నిలబడి ఉంది, ఈయన్ని చేతుల్లో పట్టుకుని. ఆవిడ పూర్తిగా తడిసిపోయింది, కుక్క మాత్రం పొడిగా ఉంది. అది నాకిప్పటికీ ఆశ్చర్యమే. ‘కుట్టుమిషన్ ఉన్న ఇల్లయితే ఉంటాడు, లేకపోతే ఉండడు’ అంది. నేను పట్టించుకోలేదు. రెండిళ్ళ నుంచి తిరిగొచ్చాక గానీ ఆ మాట గుర్తు రాలేదు. మీరు బొంతలు తెచ్చినరోజు అనుకున్నాను, ఇదేదో కలిసొచ్చిందని.”

అత్తగారు కప్పు కింద పెట్టారు. “ఎలా ఉందమ్మా ఆవిడ?”

“సన్నగా. వేలికి తెల్లదారం చుట్టుకుని ఉంది, విప్పడం మరిచిపోయినట్టు. వెళ్ళేటప్పుడు చూశాను, పాపం, ఒక కాలు ఈడుస్తోంది.”

“ఏ కాలు?”

మేడమ్ కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంది. “కుడికాలు.”

అత్తగారు కోడలి వైపు చూడలేదు. కోడలు అత్తగారి వైపు చూడలేదు. తాతగారికి ఎంత వయసున్నా, పెద్దత్తయ్య పోయేనాటికి ఆయన పుట్టి ఉండటానికి వీల్లేదు. ఆ లెక్క ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

“పేరు అడిగేలోగా వెళ్ళిపోయింది” అంది మేడమ్. “ఒక్కమాట మాత్రం చెప్పింది. ‘కొన్నాళ్ళు చూస్తుండండి. వీడికి పక్క కుట్టడం అయిపోగానే వచ్చి తీసుకెళ్తాను’ అని. ఇంకేం వస్తుందిలెండి, ఇన్నాళ్ళయింది.”

పక్క కుట్టడం అయిపోగానే.

నేలమీద పరిచిన గుడ్డ కోడలి కళ్ళ ముందుకొచ్చింది. మూడు అంచులు. ఒక్క పొట్టి అంచే మిగిలింది. ఆమె చెయ్యి తెలియకుండానే తాతగారి మీదికి వెళ్ళింది. వేళ్ళకింద ఆ చిన్న గుండె కొట్టుకుంటోంది. పక్కటెముకల మధ్య, తడబడుతూ, ఒకటి గట్టిగా, రెండు తేలిగ్గా.

టక్. టకటక్.

లోపల కుట్టుగదిలో పెడల్ మొదలైంది. తాతగారు తలెత్తి, కళ్ళు విప్పి, తోక ఊపారు.

మేడమ్ కూడా తలెత్తింది. “అరె, లోపల ఇంకొకరు ఉన్నారా? చెప్పలేదేం? వాళ్ళనీ అడగాలి కదా.”

అత్తగారు లేచారు. చెప్పులు వదిలేశారు. పరదా తొలగించుకుని కుట్టుగదిలోకి వెళ్ళారు. కోడలు తాతగారిని గుండెకు హత్తుకుని వెనకే పరుగెత్తింది. గుమ్మంలోంచి చూసింది. అత్తగారు పాత మిషన్ మీది దుప్పటి లాగి పారేశారు. ఆడుతున్న పెడల్ మీద తన ఒట్టిపాదం మోపి, బలంగా అదిమిపట్టారు.

“అక్కా” అన్నారు. “ఆగు. ఆ మిగిలిన ఒక్క అంచూ ఆపు. ఇప్పుడే కదే నేను సరే అన్నది.”

పెడల్ ఆగింది. ఒక్క క్షణం. తరువాత అత్తగారి పాదాన్ని, చాలా మెత్తగా, చిన్నపిల్ల పాదాన్ని పక్కకి జరిపినట్టు, కిందినుంచి ఎవరో పైకి లేపడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఆగుతూ మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఆ ఇంట్లో ఆవిడ ఫొటో లేదు. ఉన్న కాస్త జ్ఞాపకం ఒక చెల్లెలి చెవుల్లోనే ఉంది. వచ్చేవారం ఏం జరిగినా, కుడికాలు ఈడ్చుకుంటూ, ఉన్న ఒక్క కాలితో ఊరందరి బట్టలూ కుట్టి, పెళ్ళిళ్ళలో వెనక వరసలో నిలబడి, మిగిలిన ముక్కలతో వీధికుక్కలకు పక్క వేసిన ఆ మనిషిని మీరు గుర్తుపెట్టుకోండి. ఆవిడ వేలికి చుట్టుకున్న తెల్లదారాన్ని కూడా.